ఎర్రజెండా, టైపుమిషను, ఆపిల్ రసం

ఈ మూడింటికీ ఏమిటి సంబంధం అంటారా? మూడూ విస్కీ కథలే!

అదుగో, అప్పుడే మీ కనుబొమలు ముడిపడ్డాయి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో, అందునా ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట కాస్త నడుం వాల్చి చదువుకునే పేజీల్లో, ఈవిడగారు విస్కీ గురించి రాయడమేమిటి, చోద్యం కాకపోతే, అనుకుంటున్నారు కదూ? కాస్త ఓపిక పట్టండి. తాగడం గురించి నేనేమీ చెప్పబోవడం లేదు. ఆ వాసన వేస్తేనే పక్కకి జరిగి కూర్చునే మనిషిని నేను. కాని పాత చరిత్రలు తిరగెయ్యడం నాకొక వ్యసనం. ఎవరి బతుకు ఎక్కడ మలుపు తిరిగిందో తెలిసిందాకా నిద్రపట్టదు. అలా తిరగేస్తూండగా ఈ వ్యాపారంలో నలుగురు ఆడవాళ్ళు తగిలారు. వాళ్ళని మీకు పరిచయం చెయ్యకుండా ఉండలేకపోయాను.

ఈ వ్యాపారం పైకి చూస్తే అంతా మగవాళ్ళదే. సీసాల మీద జాన్ వాకరు, విలియం గ్రాంటు, జాక్ డానియలు. టోపీ పెట్టుకుని, చేతికర్ర ఊపుకుంటూ నడిచిపోయే ఆ పెద్దమనిషి బొమ్మ సినిమా హోర్డింగుల పక్కన చూడనివాళ్ళు లేరు. ఆయన వెనకాల ఒక పొలం ఉంది, ఆ పొలంలో ఒక వంటిల్లు ఉంది, ఆ వంటింట్లో ఒక అత్తగారు ఉంది అంటే నమ్ముతారా?

ముందుగా విస్కీ ఎలా తయారవుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. పసిపిల్లలకి రాగిమాల్టు చేసిన తల్లులకి సగం తెలిసిన విద్యే. బార్లీ గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకల్ని ఎండబెట్టి, మరపట్టి, వేడినీళ్ళు పోస్తే తియ్యటి రసం దిగుతుంది. దానికి ఈస్టు కలిపితే పులుస్తుంది. పులిసినదాన్ని రాగి బానల్లో కాచి, వచ్చిన ఆవిరిని చల్లబరిస్తే నీళ్ళలాంటి సారా వస్తుంది. స్కాట్లండులో మామూలుగా రెండుసార్లు కాస్తారు. తరువాత దాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోసి నిలవపెట్టాలి. ఇప్పటి చట్టం ప్రకారం కనీసం మూడేళ్ళు పీపాలో ఉంటేగాని దాన్ని స్కాచి విస్కీ అనడానికి వీల్లేదు. పదేళ్ళు, పన్నెండేళ్ళు నిలవుంచేవీ బోలెడు. అంటే ఇవాళ పెట్టిన డబ్బు మన పిల్ల బడికెళ్ళి, ఎదిగి, పెద్దదయ్యేసరికిగాని చేతికి రాదన్నమాట! అన్నాళ్ళూ గిడ్డంగి కాపాడుకుంటూ, పద్దులు రాసుకుంటూ, అప్పులవాళ్ళకి సర్దిచెప్పుకుంటూ ఎదురుచూడటమే ఈ వ్యాపారంలో సగం పని. ఆ సగం పని ఆడవాళ్ళకి కొత్తా చెప్పండి?

స్కాట్లండు ఉత్తరభాగంలో స్పే అనే నది పక్కన 1811లో జాన్ కమింగ్ అనే రైతు కార్డో అనే పొలం కౌలుకి తీసుకున్నాడు. ఆయన భార్య హెలెన్. ఆ రోజుల్లో సారా మీద పన్నులు భారం కావడంచేత ఆ కొండప్రాంతంలో దొంగసారా ఇంటింటి పరిశ్రమ. అబ్కారీవాళ్ళు మీద పడేవారు, పట్టుకునేవారు, జరిమానా వేసేవారు. జాన్ గారికి ఒక్క 1816లోనే మూడుసార్లు శిక్షపడింది. అయితే కాచేది ఎవరయ్యా అంటే, ముఖ్యంగా హెలెనమ్మే. మొగుడు పొలం పనిలో ఉంటే, ఈవిడ ఇంటి పనితోపాటు బట్టీ పని కూడా చూసుకునేది. తయారైన సరుకుని వంటింటి కిటికీలోంచే వచ్చేపోయేవాళ్ళకి అమ్మేది.

ఈవిడ గడుసుతనం గురించి ఆ ప్రాంతంలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల సత్రమంటూ లేకపోవడంతో తనిఖీకొచ్చిన అబ్కారీవాళ్ళు కమింగ్ ఇంట్లోనే దిగేవారట. వాళ్ళు వస్తున్న సూచన కనబడగానే హెలెన్ బట్టీ సామానంతా దాచేసి, చేతులకి పిండి పూసుకుని రొట్టెలు చేస్తున్నట్టు నిలబడేదట. పులిసిన వాసన దేనిదమ్మా అంటే, రొట్టెల పిండిది బాబూ! వాళ్ళని కూర్చోబెట్టి, మర్యాదగా భోజనం వడ్డించి, వాళ్ళు నోట్లో ముద్ద పెట్టుకోగానే పెరట్లోకి వెళ్ళి కొట్టం మీద ఎర్రజెండా ఎగరేసేదట. అది చూసి చుట్టుపక్కలవాళ్ళందరూ ఎవరి బట్టీలు వాళ్ళు సర్దేసుకునేవారు. అతిథిమర్యాదకి మర్యాదా దక్కింది, ఊరికి ఊరూ గట్టెక్కింది!

1823లో ప్రభుత్వం చట్టం మార్చింది. పన్ను తగ్గించి, ఏడాదికి 10 పౌన్లు కడితే లైసెన్సు ఇస్తామంది. దొంగతనంగా కాచేకంటే దొరతనంగా కాచడమే మేలనుకుని కమింగ్ దంపతులు 1824లో లైసెన్సు తీసుకున్నారు. జాన్ 1846లో పోయాడు. వ్యాపారం కొడుకు లూయిస్ చేతికొచ్చింది. పాపం, ఆయనా 1872లో పోయాడు. హెలెన్ మాత్రం తొంభై ఏళ్ళు దాటి బతికి 1874లో కన్నుమూసింది. కొడుకు చావు చూడవలసిన అంత పెద్ద ఆయుష్షు వరమో శాపమో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు కోడలి వంతు. పేరు ఎలిజబెత్. మొగుడు పోయాడు, పిల్లలు చిన్నవాళ్ళు, పాత కట్టడాలు, అరిగిపోయిన సామాను. ఇలాంటప్పుడు మన దగ్గరైతే పదిమందీ చేరి, "నీకెందుకమ్మా ఈ యాతన, ఎవరికైనా ఇచ్చేసి పిల్లల్ని పెట్టుకుని పుట్టింటికి వెళ్ళిపో" అని సలహా ఇస్తారు కదా? ఈవిడ వెళ్ళలేదు. అత్తగారి కిటికీ వ్యాపారాన్ని పెద్ద కర్మాగారం చేసింది. 1884లో పక్కనే కొత్త స్థలం తీసుకుని కొత్త కట్టడాలు కట్టించింది. పాత రాగి బానల్నీ, తిరగలినీ పారెయ్యలేదు. గృహిణి కదా! 1886లో వాటిని విలియం గ్రాంటు అనే ఆయనకి సుమారు 120 పౌన్లకి అమ్మింది. ఆ పాత సామానుతో ఆయన మొదలెట్టినదే, తరువాత ప్రపంచమంతా పేరు మోగిపోయిన గ్లెన్‌ఫిడిక్! మనింట్లో పాత గ్రైండరు కొనుక్కెళ్ళినవాడు మనకంటే పెద్ద హోటలు పెట్టినట్టు.

కార్డో సరుకు బాగుందని, తమ మిశ్రమాల్లో కలుపుకోవడానికి పెద్దపెద్ద కంపెనీలు కొంటూండేవి. చివరికి 1893లో ఎలిజబెత్ ఆ కర్మాగారాన్ని 20,500 పౌన్లకి అమ్మింది. ఊరికే అమ్మలేదు. కంపెనీలో వాటాలు తీసుకుంది. కొడుక్కి డైరెక్టరు పదవి ఇప్పించింది. కర్మాగారం నిర్వహణ తమ కుటుంబం చేతుల్లోనే ఉండేటట్టు మాట తీసుకుంది. మరుసటి ఏడాదే కన్నుమూసింది. విస్కీ వర్తకానికి రాణి అని ఆవిడని పిలిచేవారు. ఇంతకీ కొన్న కంపెనీ పేరేమిటో తెలుసా? జాన్ వాకర్ అండ్ సన్స్. ఆ "అండ్ సన్స్" అన్న మాట కాస్త జ్ఞాపకం ఉంచుకోండి.

సరే, ఇది మొగుడు పోయి, ఇల్లూ వ్యాపారమూ మీద పడ్డ ఆడవాళ్ళ కథ. మరి మొగుడూ లేక, ఆస్తీ లేక, చేతిలో ఒక పట్టా కాగితం మాత్రమే ఉన్న ఆడపిల్ల సంగతేమిటి? దానికి అరవై ఏళ్ళు ముందుకి, స్కాట్లండు పడమటి తీరంలో ఉన్న ఐలా అనే ద్వీపానికి వెళ్ళాలి.

బెస్సీ విలియమ్‌సన్ 1910లో గ్లాస్గోలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో తండ్రి పోయాడు. తల్లి కష్టపడి పిల్లల్ని పెంచింది. బెస్సీ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివింది. టీచరవుదామనుకుంది. నాలాగే ఆర్ట్సు చదివిన పిల్ల కాబట్టి ఉద్యోగం సులువుగా దొరికి ఉండదని మీకు వేరే చెప్పనక్కర్లేదు! షార్టుహాండూ టైపూ చేతికి అన్నం పెడతాయని మన ఇళ్ళల్లోనూ ఆడపిల్లల్ని ఇన్‌స్టిట్యూటుకి పంపేవారు, గుర్తుందా? బెస్సీకీ అవే అక్కరకొచ్చాయి. 1934 వేసవిలో లఫ్రోయిగ్ అనే కర్మాగారంలో తాత్కాలికంగా టైపిస్టు కావాలంటే ఐలాకి వెళ్ళింది. ఒక వేసవికని వెళ్ళిన పిల్ల అక్కడ సుమారు నలభై ఏళ్ళు పనిచేసింది.

ఈ లఫ్రోయిగ్ సరుకు ఒక వింత. ఆ ద్వీపంలో పీట్ అనే ఒక రకం బురదమట్టి దొరుకుతుంది. మనం పిడకలు ఎండబెట్టుకున్నట్టు దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, ఆ పొగమీద బార్లీ మొలకల్ని ఆరబెడతారు. అందుచేత ఆ విస్కీకి ఆస్పత్రిలో అయొడిన్ లాంటి వాసన వస్తుందంటారు. యజమాని ఇయన్ హంటరు పెళ్ళి కానివాడు, వారసులు లేనివాడు, తయారీ రహస్యం ఎక్కడ బయటికి పొక్కుతుందోనని ఎవర్నీ నమ్మనివాడు. అలాంటి మనిషి ఈ టైపిస్టు పిల్లని నమ్మాడు. 1938లో ఆయనకి పక్షవాతం వచ్చింది. అప్పటినుంచీ ఒక్కొక్క బాధ్యతా బెస్సీ మీదకి జరుగుతూ వచ్చింది. ఉత్తరప్రత్యుత్తరాలు, అమెరికా వ్యాపారం, పనివాళ్ళు, పద్దులు. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. కర్మాగారం కట్టడాల్ని సైన్యం వాడుకుంది. ఆ గందరగోళంలో బానలూ పీపాలూ చెక్కుచెదరకుండా కాపాడే భారం కూడా బెస్సీమీదే పడింది. 1954లో హంటరు చనిపోతూ కర్మాగారాన్ని ఆమె పేరనే రాశాడు.

మీకిప్పుడొక అనుమానం వచ్చి ఉంటుంది. దాచుకోకండి, నేనూ ఆడదాన్నే. ముసలి యజమాని ఊరికే రాసిస్తాడా అని. ఈ ప్రశ్న మనం మగ మేనేజరు విషయంలో అడుగుతామా? నమ్మకంగా పనిచేసిన గుమాస్తాకి షావుకారు కొట్టు రాసిచ్చాడంటే "విశ్వాసానికి ఫలితం దక్కింది" అంటాం. అదే ఆడదైతే కథలల్లుతాం. జబ్బుపడిన యజమాని పనంతా 1938 నుంచి 1954 దాకా నెత్తిన వేసుకున్న మనిషి ఆమె. పదహారేళ్ళు! ఆ వ్యాపారం గురించి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారని ఆయన రాసివ్వాలి?

ఆ తరువాత బెస్సీ నడిపిన తీరే దీనికి జవాబు. ఐలా విస్కీలంటే మిశ్రమాల్లో చిటికెడు పోపులా వేసుకునేవే అనుకుంటున్న కాలంలో, వాటిని విడిగా కూడా జనం ఇష్టపడతారని గుర్తించింది. 1960ల మొదట్లో అక్కడి విస్కీ సంఘం తరఫున అమెరికా అంతా తిరిగి ప్రచారం చేసింది. కర్మాగారాన్ని ఆధునికం చెయ్యడానికి పెట్టుబడి కావాలి. అందుకని 1962 నుంచి విడతలు విడతలుగా వాటాలు ఒక పెద్ద కంపెనీకి అమ్మింది. నిర్వహణ మాత్రం 1972లో విశ్రాంతి తీసుకునేదాకా వదల్లేదు. అన్నట్టు మరిచాను, యాభై దాటాక 1961లో విషార్ట్ కాంప్‌బెల్ అనే కెనడా గాయకుణ్ణి పెళ్ళి కూడా చేసుకుంది! 1982లో ఆమె కాలం చేసింది.

ఇవాళ లఫ్రోయిగ్ ఎవరి చేతిలో ఉందో చెబితే ఆశ్చర్యపోతారు. జపాను కంపెనీ సన్‌టోరీ చేతిలో. స్కాట్లండు విద్య జపానుకి ఎలా వెళ్ళిందనే కథలోనూ ఒక స్కాట్లండు ఆడపిల్ల ఉంది. ఈ నలుగురిలో నా మనసుకి ఎక్కువ దగ్గరైంది ఆవిడే. ఎందుకంటే ఆవిడకి కర్మాగారమూ లేదు, జీతమూ లేదు.

రీటా అసలు పేరు జెస్సీ రొబర్టా కోవన్. 1896లో గ్లాస్గో దగ్గర కిర్కింటిల్లక్ అనే ఊళ్ళో డాక్టరుగారమ్మాయిగా పుట్టింది. పియానో బాగా వాయించేది. పెళ్ళి నిశ్చయమైన అబ్బాయి యుద్ధంలో పోయాడు. 1918లో తండ్రి పోయాడు. అదే ఏడాది జపానునుంచి మసతక తకెత్సురు అనే కుర్రవాడు విస్కీ విద్య నేర్చుకోవడానికి గ్లాస్గో వచ్చాడు. వాళ్ళది హిరోషిమా ప్రాంతంలో బియ్యంతో సాకే అనే మద్యం చేసే కుటుంబం. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం పాఠాలు వింటూ, కర్మాగారాల చుట్టూ తిరిగి పని నేర్చుకుంటూ, చూసిందల్లా నోటుపుస్తకాల్లో రాసుకునేవాడు. రీటా చెల్లెలు ఇతనికి విశ్వవిద్యాలయంలో పరిచయమైంది. తమ్ముడికి జూడో నేర్పమని ఇంటికి పిలిచింది. జూడో తమ్ముడు నేర్చుకున్నాడో లేదోగాని, మనసులు కలిసింది అక్కయ్యకీ మాస్టారికీ!

రెండువైపులా పెద్దలు ఒప్పుకోలేదు. 1920 జనవరి 8న ఇద్దరూ గ్లాస్గోలో రిజిస్ట్రారు ఎదుట సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. కావాలంటే నేనిక్కడే ఉండిపోతానన్నాడు ఆయన. వద్దంది ఆవిడ. జపానులో అసలైన విస్కీ చెయ్యాలన్నది మీ కల, నేనక్కడికే వస్తానంది. ఆ ఏడాది చివర్లో ఓడెక్కి భర్త దేశం చేరింది.

తీరా వెళ్ళేసరికి, ఆయన్ని చదువుకి పంపిన కంపెనీ యుద్ధానంతరపు మాంద్యంలో చిక్కుకుని విస్కీ ఊసే వదిలేసింది. 1922లో ఉద్యోగం వదిలేశాడు. ఆయన ఒక బళ్ళో రసాయనశాస్త్రం చెప్పాడు. రీటా ఇంగ్లీషు పాఠాలు, పియానో పాఠాలు చెప్పింది. ఇల్లు గడవడంలో ఆ పాఠాల డబ్బు పాలెంతో మనకి తెలియనిది కాదు. 1923లో షింజిరో తొరీ అనే వ్యాపారి ఆయన్ని పిలిచి, క్యోటో సమీపంలో యమజాకి కర్మాగారం కట్టించుకున్నాడు. ఆ తొరీ గారి కంపెనీయే తరువాత సన్‌టోరీ అయింది. 1929లో మొదటి విస్కీ బయటికొచ్చింది. జనానికి ఆ పొగవాసన నచ్చలేదు. 1934లో తకెత్సురు బయటికొచ్చి, స్కాట్లండులాంటి చలి, నీరు, పీటు దొరికే హొక్కైదో దీవిలో యోయిచి అనే ఊరు వెతుక్కున్నాడు. అక్కడ సొంత కర్మాగారం మొదలుపెట్టడానికి పెట్టుబడి పెట్టినవాళ్ళలో ఒక సంపన్నుడి భార్య రీటా దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న శిష్యురాలు. చూశారా, పాఠాల బంధం ఎక్కడికి పాకిందో!

విస్కీ పీపాల్లో ఊరేదాకా తినడమెలా? యోయిచి ఆపిల్ తోటల ఊరు. అందుకని ముందుగా ఆపిల్ రసం చేసి అమ్మారు. కంపెనీ పేరే దై నిప్పన్ కాజు, అంటే మహా జపాను పళ్ళరసం కంపెనీ! రసం ఖరీదెక్కువ, గిరాకీ తక్కువ. నష్టాల్లోనే ఏళ్ళు గడిచాయి. 1940లోగాని మొదటి విస్కీ సీసా బయటికి రాలేదు. నిప్పన్‌లో "ని", కాజులో "కా" కలిపి దానికి నిక్కా అని పేరు పెట్టారు. ఆ ఆరేళ్ళూ రీటా ఏం చేసింది? ఇల్లు నడిపింది. ఆ దేశపు కూరలు, ఆ దేశపు ఊరగాయలు పెట్టడం నేర్చుకుంది. వాళ్ళ యాసలోనే మాట్లాడేది. ఒక ఆడపిల్లని పెంచుకుంది.

ఇంతలో యుద్ధం. రీటా పుట్టినిల్లూ మెట్టినిల్లూ శత్రుదేశాలయ్యాయి. అప్పటికే ఆవిడ జపాను పౌరురాలు. అయితేనేం, ముఖం తెల్లగా ఉంది కదా! గూఢచారేమోనని పోలీసులు కనిపెట్టుకుని ఉండేవారు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన దేశంలో పరాయిదానిలా వీధిలో నడవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా ఆవిడ వెళ్ళిపోలేదు. 1961 జనవరిలో, 64వ ఏట పోయింది. మరుసటి ఏడాది తకెత్సురు ఆమె జ్ఞాపకంగా ఒక కొత్త విస్కీ తయారుచేశాడు. 1979లో ఆయనా వెళ్ళిపోయాడు. యోయిచిలో కొండమీద ఇద్దరి సమాధీ ఒక్కటే. కిందికి చూస్తే కర్మాగారం కనబడుతుంది. ఆ ఊళ్ళో ఒక పెద్ద వీధికి రీటా పేరు పెట్టుకున్నారు. 2014లో జపాను టెలివిజన్‌లో ఈ దంపతుల కథ ఆధారంగా ధారావాహిక వస్తే దేశమంతా చూసింది.

ఇంత చెప్పాక ఒక ప్రశ్న నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగేస్తే అబద్ధం రాసినట్టవుతుంది. వీళ్ళు కాచింది పాలు కాదు కదా! నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు పాఠంలో సీతమ్మ కథ చదువుకుని, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నడవగా సారాకొట్టు మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో పోయింది. హెలెనమ్మ వంటింటి కిటికీ దగ్గర సీసా పుచ్చుకుని వెళ్ళిన మగాడి ఇంట్లో కూడా ఒక రోశమ్మ ఏడుస్తూ కూర్చుని ఉండదా? ఉండే ఉంటుంది. నేను రోశమ్మ పక్షమే. అందులో మార్పు లేదు.

అయినా హెలెన్‌నీ రోశమ్మనీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు ఒకటి తోస్తోంది. ఒకావిడ కొట్టు తెరిచింది, ఒకావిడ కొట్టు మూయించింది. ఇద్దరికీ ఉన్నది ఒక్కటే, ఇల్లు నిలబెట్టుకోవాలన్న పట్టుదల. వాళ్ళు చేసిన సరుకు మనకి నచ్చకపోవచ్చు. వాళ్ళు చేసిన పనిని మాత్రం లెక్కలోంచి కొట్టెయ్యడానికి వీల్లేదు. సరుకు పాడుదైనా దాని పేరుతో మగవాళ్ళకి కీర్తి దక్కినప్పుడు, పని చేసిన ఆడదానికి మాత్రం నింద ఒక్కటే మిగలడం ఏం న్యాయం?

ఇందాక "అండ్ సన్స్" అన్న మాట గుర్తుంచుకోమన్నాను. సాయంత్రం బజారుకెళ్ళినప్పుడు ఒకసారి తలెత్తి బోర్డులు చదవండి. ఫలానా వారు అండ్ సన్స్, ఫలానా వారు అండ్ బ్రదర్స్. బట్టల కొట్టు, వెండి కొట్టు, కిరాణా కొట్టు, అన్నీ అంతే. లోపల గల్లా దగ్గర కళ్ళజోడు సవరించుకుంటూ పద్దు చూస్తున్నది మాత్రం చాలాచోట్ల ఒక కోడలో, ఒక అక్కయ్యో, ఒక వితంతువు తల్లో. ఈసారి సామాను కొనేటప్పుడు ఆవిణ్ణి అడగండి, "మీ పేరేమిటండీ?" అని. కొట్టు పేరు కాదు, ఆవిడ పేరు.